సంకేతాన్ని చదివేది ఎవరు? జన్యువు నుంచి ప్రొటీన్ దాకా పాఠకుల ప్రశ్నలు

కణం ప్రొటీన్‌ని ఎలా తయారుచేసుకుంటుందన్న విషయం మీద వచ్చిన సందేహాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం. వీలైనంతవరకు ఒకే జన్యువును ఉదాహరణగా తీసుకున్నాం. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్నిచ్చే బీటా గ్లోబిన్ జన్యువు. చిన్నది, బాగా తెలిసినది, ఎక్కడ ఏ అక్షరం (డీఎన్ఏలోని ‘ఏ’, టీ, జీ, సీ అనే రసాయన భాగాల్లో ఒకటి; ఆర్ఎన్ఏలో టీ బదులు యూ) తప్పితే ఏమవుతుందో దశాబ్దాలుగా వైద్యులు గమనిస్తూ వచ్చినది.

ప్రశ్న (జీవశాస్త్ర విద్యార్థిని): డీఎన్ఏలో రెండు పోగులుంటాయి కదండీ. ప్రొటీన్ తయారీకి జన్యువు నకలుగా పనికొచ్చే ఎం-ఆర్ఎన్ఏ దేన్ని చూసి తయారవుతుంది? పరీక్షలో ఒక పోగు ఇచ్చి ఎం-ఆర్ఎన్ఏ రాయమంటే నాకు ప్రతిసారీ తారుమారవుతోంది.

జవాబు: తారుమారవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కొనలు చూసుకోకపోవడం. పోగుకు ఒక వైపు ఐదు ప్రైమ్ కొన, రెండో వైపు మూడు ప్రైమ్ కొన. రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ మూస పోగును (నకలుకు అచ్చుగా వాడే పోగును) మూడు ప్రైమ్ నుంచి ఐదు ప్రైమ్ వైపు చదువుతూ పోతుంది. కొత్త ఆర్ఎన్ఏ మాత్రం ఐదు ప్రైమ్ కొన నుంచి మూడు ప్రైమ్ వైపు పెరుగుతుంది.

బీటా గ్లోబిన్‌లో ప్రొటీన్ మొదలయ్యే చోటు చూడండి. సంకేత పోగును (మూసగా వాడని రెండో పోగును) ఐదు ప్రైమ్ వైపు నుంచి చదివితే ఏటీజీ జీటీజీ సీఏటీ అని ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న మూస పోగును మూడు ప్రైమ్ వైపు నుంచి చదివితే టీఏసీ సీఏసీ జీటీఏ. ఈ రెండోదానికి జతకుదిరే అక్షరాలతో వచ్చే ఎం-ఆర్ఎన్ఏ: ఏయూజీ జీయూజీ సీఏయూ. మొదటి పోగుతో పోల్చి చూస్తే టీ ఉన్నచోట యూ వచ్చింది, అంతే తేడా.

కాబట్టి ప్రశ్నలో సంకేత పోగు ఇస్తే టీ తీసేసి యూ రాస్తే చాలు. మూస పోగు ఇస్తే ముందు కొనలు చూడండి. ఐదు ప్రైమ్ ఎడమవైపు ఉంటే వరుసను తిప్పి రాసుకుని, ఆ తర్వాతే జత అక్షరాలు వేయండి. ఏది ఏ పోగో చెప్పకుండా, కొనలు గుర్తించకుండా ఇచ్చిన ప్రశ్నకు సరైన జవాబంటూ ఉండదు. అలాంటప్పుడు మీరు దేన్ని మూసగా తీసుకున్నారో ఒక వాక్యం రాసి మొదలుపెట్టండి.

ఒక క్రోమోజోమ్‌లో ఒకే పోగు ఎల్లప్పుడూ మూసగా ఉంటుందని కూడా అనుకోకండి. ఒక జన్యువుకు ఈ పోగు మూస అయితే, పక్క జన్యువుకు రెండోది మూస కావచ్చు.

ప్రశ్న: శరీరంలో అన్ని కణాల్లోనూ అదే డీఎన్ఏ ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ ఎర్ర రక్తకణాల వంశంలోనే ఎందుకు తయారవుతుంది? నాడీకణంలో ఆ జన్యువు ఏం చేస్తూ ఉంటుంది?

జవాబు: నాడీకణంలో ఆ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది, కానీ దాన్ని చదవడం మొదలుపెట్టేవారు ఉండరు. ప్రొటీన్ జన్యువులను చదివే ఆర్ఎన్ఏ పాలిమరేజ్-2 తనంతట తాను సరైన చోటు వెతుక్కోలేదు. బీటా గ్లోబిన్‌లో చదువు మొదలయ్యే అక్షరానికి సుమారు 30 అక్షరాల ముందు టాటా పెట్టె అనే చిన్న వరుస ఉంటుంది. సహాయక ప్రొటీన్లు ముందు అక్కడ కూర్చోవాలి, తర్వాతే పాలిమరేజ్ వస్తుంది. అది కూడా చాలదు. జన్యువుకు దాదాపు 40 నుంచి 60 వేల అక్షరాల దూరంలో ఒక నియంత్రణ ప్రాంతం ఉంది. ఎర్రకణాల వంశంలో మాత్రమే సమృద్ధిగా ఉండే గాటా-1, కేఎల్ఎఫ్-1 వంటి ప్రొటీన్లు అక్కడ అంటుకున్నప్పుడు, మధ్యలోని డీఎన్ఏ మెలికపడి ఆ దూరపు ప్రాంతం జన్యువు దగ్గరికి వస్తుంది. అప్పుడే చదువు ఊపందుకుంటుంది. నాడీకణంలో ఆ ప్రొటీన్లు ఇలా పనిచేయవు. పైగా అక్కడి డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ గట్టిగా చుట్టుకుని మూతపడి ఉంటుంది. ఒక్కో హిస్టోన్ గుత్తి చుట్టూ 147 అక్షర జతల చొప్పున చుడుతుంది.

చదివి తీసిన ఆర్ఎన్ఏ కూడా వెంటనే పనికిరాదు. బీటా గ్లోబిన్ జన్యువు పొడవు సుమారు 1600 అక్షరాలు. అందులో మూడు ఎక్సాన్లు (ఎం-ఆర్ఎన్ఏలో మిగిలే ముక్కలు), వాటి మధ్య రెండు ఇంట్రాన్లు (కత్తిరించి తీసేసే ముక్కలు). మొదటి ఇంట్రాన్ 130 అక్షరాలు, రెండోది సుమారు 850. ఆర్ఎన్ఏ ఇంకా పూర్తికాకముందే దాని ఐదు ప్రైమ్ కొనకు మిథైల్ గ్వానోసిన్ టోపీ పడుతుంది. స్ప్లైసోజోమ్ అనే పెద్ద యంత్రాంగం ఇంట్రాన్లను కత్తిరించి ఎక్సాన్లను కలుపుతుంది. చివర ‘ఏ’ అనే అక్షరాల తోక చేరుతుంది, క్షీరదాల్లో సాధారణంగా 200 పైచిలుకు. తోకను పక్కన పెడితే చివరికి మిగిలేది 630 అక్షరాలకు కాస్త తక్కువ. అందులో ప్రొటీన్‌కు సంబంధించినవి 444 మాత్రమే: 147 కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తుగా ఉండే మూడక్షరాల గుంపులు), ఒక ఆగు సంకేతం.

ఈ కత్తిరింపులో ఎంత కచ్చితత్వం కావాలో ఒక జబ్బు చూపిస్తుంది. ఇంట్రాన్ సాధారణంగా జీయూతో మొదలై ఏజీతో ముగుస్తుంది. కొందరిలో మొదటి ఇంట్రాన్ 110వ అక్షరం జీ బదులు ‘ఏ’ అవుతుంది. దాంతో అక్కడ కొత్తగా ఒక ఏజీ పుడుతుంది. స్ప్లైసోజోమ్ అసలు హద్దును వదిలి ఎక్కువసార్లు ఈ కొత్త ఏజీ దగ్గరే కోస్తుంది. పోవలసిన ఇంట్రాన్‌లోంచి 19 అక్షరాలు ఎం-ఆర్ఎన్ఏలో ఉండిపోతాయి. 19ని మూడుతో భాగిస్తే నిశ్శేషంగా పోదు కాబట్టి తర్వాతి వరుసంతా చెడిపోతుంది. ప్రొటీన్‌కు సంకేతమిచ్చే భాగంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. అయినా ఫలితం తలసీమియా, అంటే హిమోగ్లోబిన్ సరిపడా తయారుకాని జబ్బు. ఇంట్రాన్లు పనికిమాలినవని ఎవరైనా చెబితే ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి.

ప్రశ్న (ఉపాధ్యాయుడు): ఏయూజీ అంటే మిథియోనైన్, జీఏజీ అంటే గ్లుటామిక్ ఆమ్లం అని పట్టిక చూపించి పిల్లలకు చెబుతాం. కానీ కణంలో పట్టిక లేదు కదా. ఈ మూడక్షరాలకు ఈ అమైనో ఆమ్లమే అని చూసి నిర్ణయించేది ప్రొటీన్‌ను కట్టే రైబోజోమేనా?

జవాబు: మాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే, కాదు. రైబోజోమ్‌కు అమైనో ఆమ్లం ఏదన్నది దాదాపు పట్టదు. అది చూసేది ఎం-ఆర్ఎన్ఏ మీది మూడక్షరాలూ, అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీ-ఆర్ఎన్ఏ మీది మూడక్షరాలూ జతకుదిరాయా లేదా అన్నంతవరకే. టీ-ఆర్ఎన్ఏ రెండో చివర ఏ అమైనో ఆమ్లం వేలాడుతోందో నమ్మకం మీద తీసుకుంటుంది.

దీన్ని 1962లో షాప్‌విల్, లిప్‌మన్, వారి సహచరులు ఎంతో తెలివైన ప్రయోగంతో నిరూపించారు. సిస్టీన్‌కు చెందిన టీ-ఆర్ఎన్ఏకు సిస్టీన్‌నే తగిలించి, తర్వాత రేనీ నికెల్ అనే లోహ ఉత్ప్రేరకంతో ఆ సిస్టీన్‌లోని గంధకాన్ని తీసేశారు. గంధకం పోయిన సిస్టీన్ అంటే అలనైన్. ఇప్పుడు టీ-ఆర్ఎన్ఏ సిస్టీన్‌ది, దాని మీదున్నది మాత్రం అలనైన్. దాన్ని కణరహిత మిశ్రమంలో (కణాలు లేకుండానే ప్రొటీన్ తయారయ్యే ద్రావణంలో) వేస్తే, సిస్టీన్ రావలసిన చోటే అలనైన్ వచ్చి చేరింది. రైబోజోమ్ అభ్యంతరపెట్టలేదు.

కాబట్టి మీరడిగిన పట్టిక నిజంగా కణంలో ఉంది. అది అమైనోఎసైల్ టీ-ఆర్ఎన్ఏ సింథటేజ్‌లనే ఎంజైముల్లో ఉంది. అమైనో ఆమ్లానికి ఒకటి చొప్పున సాధారణంగా 20 రకాలు. ఒక్కోటి రెండు విషయాలు గుర్తుపట్టాలి: తన అమైనో ఆమ్లాన్ని, తన టీ-ఆర్ఎన్ఏను. పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట అమైనో ఆమ్లం కణానికి శక్తినిచ్చే ఏటీపీతో కలిసి చైతన్యవంతమవుతుంది, పైరోఫాస్ఫేట్ విడిపోతుంది. తర్వాత ఆ అమైనో ఆమ్లం టీ-ఆర్ఎన్ఏ మూడు ప్రైమ్ కొనలో ఉండే సీసీఏ వరుస చివరి ‘ఏ’కు అతుక్కుంటుంది.

టీ-ఆర్ఎన్ఏను గుర్తుపట్టడానికి ప్రతి ఎంజైమూ యాంటీకోడాన్‌నే (కోడాన్‌తో జతకుదిరే మూడక్షరాలనే) చూస్తుందనుకోకండి. అలనైన్ ఎంజైమ్ అసలు అటువైపే చూడదు. అలనైన్ టీ-ఆర్ఎన్ఏ కాండంలో 3వ స్థానంలోని జీ, 70వ స్థానంలోని యూ కలిసి చేసే వింత జతే దానికి ఆనవాలు. ఆ జతను వేరే టీ-ఆర్ఎన్ఏలోకి మారిస్తే దానికీ అలనైన్ తగులుతుందని 1988లో యా-మింగ్ హూ, పాల్ షిమ్మెల్ చూపించారు.

అన్నిటికన్నా కష్టం ఐసోల్యూసిన్ ఎంజైమ్‌ది. వేలైన్, ఐసోల్యూసిన్‌ల మధ్య తేడా ఒక్క సీహెచ్-2 గుంపు. పెద్దదాని కోసం ఉన్న గదిలో చిన్నది సులభంగా దూరిపోతుంది. అందుకే ఆ ఎంజైమ్‌లో రెండు గదులున్నాయి. మొదటి గది ఐసోల్యూసిన్ కన్నా పెద్దవాటిని రానివ్వదు. పొరపాటున చేరిన వేలైన్ రెండో గదిలోకి జారుతుంది. ఐసోల్యూసిన్ పట్టనంత ఇరుకైన ఆ గదిలో వేలైన్‌ను తెంపేస్తారు. ఇంత చేసినా ఐసోల్యూసిన్ స్థానంలో సుమారు 3000కు ఒకసారి వేలైన్ వస్తూనే ఉంటుంది.

తరగతిలో కోడాన్ పట్టిక పక్కనే ఈ ఎంజైముల పేరు కూడా రాయమని మా విన్నపం. అది లేకపోతే పిల్లలకు సంకేతం ఎక్కడో గాలిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

ప్రశ్న: అమైనో ఆమ్లాలకు 61 కోడాన్లు ఉన్నాయి కాబట్టి 61 రకాల టీ-ఆర్ఎన్ఏలు ఉండాలా?

జవాబు: అక్కర్లేదు. కోడాన్‌లో మూడో అక్షరం దగ్గర జత కాస్త సడలింపుతో కుదురుతుందని 1966లో ఫ్రాన్సిస్ క్రిక్ ప్రతిపాదించారు. ఉదాహరణకు అలనైన్ టీ-ఆర్ఎన్ఏలో ఆ స్థానంలో ఇనోసిన్ అనే మార్పుచెందిన అక్షరం ఉంటే, జీసీయూ, జీసీసీ, జీసీఏ మూడింటినీ అదొక్కటే చదువుతుంది. మన మైటోకాండ్రియాలైతే 22 టీ-ఆర్ఎన్ఏలతోనే మొత్తం నెట్టుకొస్తాయి. అక్కడ సంకేతం కూడా కాస్త వేరు. యూజీఏ బయట ఆగు సంకేతమైతే, మైటోకాండ్రియాలో ట్రిప్టోఫాన్.

ప్రశ్న: ఒక ప్రొటీన్ తయారవడానికి ఎంతసేపు పడుతుంది? కణానికి ఎంత ఖర్చవుతుంది?

జవాబు: రైబోజోమ్ వేగం బ్యాక్టీరియాలో సెకనుకు సుమారు 15 నుంచి 20 అమైనో ఆమ్లాలు, మన కణాల్లో 5 లేదా 6. ఈ లెక్కన 147 అమైనో ఆమ్లాల బీటా గ్లోబిన్‌కు అర నిమిషం చాలు. కండరాల్లోని టైటిన్‌లో 34 వేలకు పైగా అమైనో ఆమ్లాలుంటాయి కాబట్టి దాదాపు రెండు గంటలు. అయితే ఒకే ఎం-ఆర్ఎన్ఏ మీద ఒకదాని వెనుక ఒకటిగా పలు రైబోజోములు నడుస్తాయి. అందువల్ల మొదటి ప్రొటీన్‌కు ఎంతసేపు పట్టినా, ఆ తర్వాతివి వెంటవెంటనే వస్తుంటాయి.

కొన్నిసార్లు జాప్యమంతా ముందు దశలోనే ఉంటుంది. కండరాల ప్రొటీన్ అయిన డిస్ట్రోఫిన్ జన్యువు సుమారు 22 లక్షల అక్షరాలు. దాన్ని ఒక్కసారి ఆర్ఎన్ఏగా చదవడానికే దాదాపు 16 గంటలు పడుతుంది. ఇంట్రాన్లన్నీ పోగా మిగిలే ఎం-ఆర్ఎన్ఏ 14 వేల అక్షరాలు, ప్రొటీన్ 3685 అమైనో ఆమ్లాలు. దాన్ని కట్టడం పది పన్నెండు నిమిషాల పని.

ఖర్చు సంగతికొస్తే, అమైనో ఆమ్లాన్ని టీ-ఆర్ఎన్ఏకు తగిలించడానికి ఏటీపీ కాస్తా ఏఎంపీ అవుతుంది, అంటే రెండు అధికశక్తి బంధాలు. దాన్ని రైబోజోమ్‌లోకి తేవడానికి ఒక జీటీపీ (ఏటీపీ లాంటి శక్తి అణువు), రైబోజోమ్ మూడక్షరాలు ముందుకు జరగడానికి ఇంకో జీటీపీ. మొత్తం నాలుగు. బీటా గ్లోబిన్ గొలుసు ఒక్కదానికి దగ్గర దగ్గర 590 బంధాలు, మొదలుపెట్టే ఖర్చు కాకుండా. రెండు అమైనో ఆమ్లాలను కలిపే బంధానికే ఇంత అవసరం లేదు. ఎక్కువ ఖర్చు క్రమం తప్పకుండా చూసుకోవడానికే.

అయినా తప్పులు వస్తాయి. పదివేల అమైనో ఆమ్లాలకు ఒక తప్పు అనుకుంటే, బీటా గ్లోబిన్ గొలుసుల్లో నూటికి ఒకటిన్నరలో ఎక్కడో ఒక తప్పుంటుంది. టైటిన్‌లో అయితే సగటున ఒక్కోదానిలో మూడు పైచిలుకు. ఒక ప్రతి చెడినా పక్కన మిగతావి ఉంటాయి కాబట్టి కణం దీన్ని భరిస్తుంది. డీఎన్ఏలో తప్పు అలా కాదు, అది ప్రతి ప్రతిలోకీ వస్తుంది.

ప్రశ్న: ఒక్క అక్షరం మారితే ఒక్కోసారి ఏమీ కాదంటారు, ఒక్కోసారి ప్రాణాంతకమంటారు. తేడా ఎక్కడ?

జవాబు: ఒకే కోడాన్‌ను పట్టుకుని చూద్దాం. బీటా గ్లోబిన్ మొదలు ఇలా ఉంటుంది: ఏటీజీ జీటీజీ సీఏటీ సీటీజీ ఏసీటీ సీసీటీ జీఏజీ జీఏజీ ఏఏజీ. మొదటి మిథియోనైన్‌ను కణం తర్వాత తీసేస్తుంది. అందుకే రక్త పరీక్షల పాత లెక్క ప్రకారం మొదటి జీఏజీ ఆరో స్థానం, మిథియోనైన్‌ను కలిపి లెక్కించే కొత్త పద్ధతిలో ఏడో స్థానం. రెండు నివేదికల్లో రెండు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి, చోటు ఒకటే.

ఆ జీఏజీ కాస్తా జీఏఏ అయితే ఏమీ కాదు, అదీ గ్లుటామిక్ ఆమ్లమే. ఏఏజీ అయితే లైసిన్ వస్తుంది, దాన్ని హిమోగ్లోబిన్-సీ అంటారు, సికిల్ సెల్ అంత తీవ్రం కాదు. జీటీజీ అయితే వేలైన్. గ్లుటామిక్ ఆమ్లం నీటిని ఇష్టపడేది, విద్యుదావేశం ఉన్నది. వేలైన్ నీటికి దూరంగా ఉండేది. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ ఉపరితలం మీద ఈ వేలైన్, పక్క అణువులోని చిన్న గుంటలో అతుక్కుంటుంది. అణువులు పొడవాటి కడ్డీలుగా పేరుకుని కణాన్ని కొడవలి ఆకారంలోకి వంచేస్తాయి. అదే సికిల్ సెల్ వ్యాధి. ఇక టీఏజీ అయితే అక్కడే ఆగు సంకేతం, గొలుసు పుట్టకముందే ఆగిపోతుంది.

ఇప్పుడు మారడం కాకుండా ఒక అక్షరం రాలిపోయిందనుకోండి. ఆ జీఏజీలోని ‘ఏ’ పోతే, రైబోజోమ్ ఆపకుండా మూడేసి చొప్పున చదువుకుంటూ పోతుంది: జీజీజీ ఏజీఏ ఏజీటీ సీటీజీ సీసీజీ టీటీఏ సీటీజీ సీసీసీ టీజీటీ జీజీజీ జీసీఏ ఏజీజీ టీజీఏ. పన్నెండు తప్పుడు అమైనో ఆమ్లాలు, పదమూడోది ఆగు సంకేతం. ఈ మార్పు నిజంగా మనుషుల్లో కనిపించినదే, ఫలితం బీటా తలసీమియా.

ముందుగానే ఆగు సంకేతం వచ్చిన ఎం-ఆర్ఎన్ఏలను కణం గుర్తుపట్టి నాశనం చేస్తుంది. స్ప్లైసింగ్ (ఇంట్రాన్లు తీసి ఎక్సాన్లు కలపడం) జరిగిన ప్రతి అతుకు దగ్గరా ఒక ప్రొటీన్ గుర్తు మిగులుతుంది. రైబోజోమ్ మొదటిసారి నడుస్తూ వాటిని తొలగించుకుంటూ పోతుంది. చివరి అతుకుకు 50-55 అక్షరాలకన్నా ముందే ఆగిపోతే, తొలగని గుర్తు మిగిలి, ఆ ఎం-ఆర్ఎన్ఏ తప్పుడుదని తెలిసిపోతుంది. అందుకే బీటా గ్లోబిన్ మొదటి రెండు ఎక్సాన్లలో ఆగు సంకేతం వస్తే గొలుసు దాదాపు తయారే కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు ప్రతుల్లో రెండోది బాగుంటే మనిషికి పెద్దగా తెలియదు. అదే మూడో ఎక్సాన్‌లో వస్తే ఈ తనిఖీకి దొరకదు. పొట్టి గొలుసు తయారై కణంలో పేరుకుని హాని చేస్తుంది, కాబట్టి ఒక ప్రతి చెడినా జబ్బు రావచ్చు.

డిస్ట్రోఫిన్‌లోనూ మూడేసి అక్షరాల వరుస సూత్రమే. పోయిన ఎక్సాన్ల అక్షరాల మొత్తం మూడుతో నిశ్శేషంగా పోతే మధ్యలో పొట్టిదైన ప్రొటీన్ వస్తుంది, సాధారణంగా తేలికపాటి బెకర్ రకం కండరాల జబ్బు. పోకపోతే తీవ్రమైన డుషెన్ రకం. జబ్బు తీవ్రత ఎంత ముక్క పోయిందన్నదాని మీద కన్నా, ఆ తర్వాత వరుస నిలిచిందా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఎక్సాన్ స్కిప్పింగ్ చికిత్సల ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది. ఇంకో ఎక్సాన్‌ను కూడా కావాలని దాటవేయించి వరుసను మళ్లీ కుదిర్చే ప్రయత్నమది.

ప్రశ్న: కొన్ని యాంటీబయాటిక్‌లు రైబోజోమ్‌ను దెబ్బతీస్తాయని చదివాను. మరి మన రైబోజోములకు ఏమీ కాదా?

జవాబు: బ్యాక్టీరియా రైబోజోమ్ 70ఎస్, మనది 80ఎస్ (ఎస్ అంటే పరిమాణాన్ని సూచించే కొలమానం). నిర్మాణంలోని చిన్న చిన్న తేడాల మీదే ఈ మందులు ఆధారపడతాయి. టెట్రాసైక్లిన్ చిన్న ఉపభాగంలో టీ-ఆర్ఎన్ఏ వచ్చి కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ కోడాన్‌ను తప్పుగా చదివిస్తాయి. క్లోరాంఫెనికాల్ అమైనో ఆమ్లాలను కలిపే చోటునే అడ్డుకుంటుంది. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ కొత్త గొలుసు బయటికి వచ్చే సొరంగంలో అడ్డం పడతాయి. రైబోజోమ్ అణునిర్మాణాన్ని స్పష్టంగా చూపినందుకు 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనాథ్‌లకు నోబెల్ వచ్చింది. ఈ మందులు ఎక్కడ కూర్చుంటాయో కంటికి కట్టినట్టు తెలిసింది ఆ నిర్మాణాల వల్లే.

అయితే మన మైటోకాండ్రియాల్లోని రైబోజోములు బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. అందుకే క్లోరాంఫెనికాల్, ఎక్కువ కాలం వాడిన లినెజోలిడ్ ఎముక మజ్జను అణచివేయవచ్చు. మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ స్థానంలో ‘ఏ’ బదులు జీ ఉన్నవారికి జెంటామైసిన్ కోవకు చెందిన మందులతో శాశ్వతంగా వినికిడి పోయే ప్రమాదముంది. ఆ మార్పు వల్ల వారి మైటోకాండ్రియా రైబోజోమ్ బ్యాక్టీరియా రైబోజోమ్‌ను ఇంకా పోలుతుంది. కుటుంబంలో తల్లి వైపు ఎవరికైనా ఇలాంటి ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: ఎం-ఆర్ఎన్ఏ టీకా మన డీఎన్ఏను మారుస్తుందా?

జవాబు: మార్చదు. ఆ ఎం-ఆర్ఎన్ఏ కణద్రవ్యంలోనే రైబోజోముల చేత చదవబడి, కొద్ది రోజుల్లో విచ్ఛిన్నమవుతుంది. కేంద్రకంలోకి వెళ్లవలసిన పనే లేదు, ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే ఎంజైమ్ టీకాలో ఉండదు. కోవిడ్‌కు వాడిన ఫైజర్, మోడెర్నా టీకాల్లో యూ స్థానంలో మార్పుచేసిన సూడోయూరిడిన్ వాడారు, కణం దాన్ని శత్రువు ఆర్ఎన్ఏగా భావించి గగ్గోలు పెట్టకుండా. ఆ మూల పరిశోధనకే 2023లో కటాలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు నోబెల్ వచ్చింది.

ప్రశ్న (పరిశోధక విద్యార్థి): మానవ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టాను. సీక్వెన్స్ సరిగానే ఉంది, ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద మాత్రం ప్రొటీన్ కనిపించడం లేదు. ఎక్కడ వెతకాలి?

జవాబు: వరుసగా చూసుకుంటూ రండి. తొందరపడి కొత్త ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్ఏ వలయం) కట్టడం మొదలుపెట్టకండి.

ముందు, మీరు పెట్టింది సీ-డీఎన్ఏనేనా (ఇంట్రాన్లు పోయిన ఎం-ఆర్ఎన్ఏ నుంచి తీసిన డీఎన్ఏ)? బ్యాక్టీరియాకు స్ప్లైసోజోమ్ లేదు, ఇంట్రాన్ ఉంటే దాన్ని కూడా చదివేస్తుంది. స్రవించే ప్రొటీన్ అయితే మొదటి 20-30 అమైనో ఆమ్లాల సిగ్నల్ పెప్టైడ్‌ను తీసేశారా? తర్వాత, సీక్వెన్స్ చూసినప్పుడు జన్యువును మాత్రమే కాకుండా వెక్టర్ (మోసే ప్లాస్మిడ్) నుంచి జన్యువులోకి దాటే అతుకును కూడా చదవండి. హిస్టిడిన్ తోక ముందుండే నిర్మాణాల్లో అతుకు దగ్గర ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా వరుస తప్పుతుంది. జన్యువు సీక్వెన్స్ మాత్రం నిక్షేపంలా కనిపిస్తుంది. రైబోజోమ్ పట్టుకునే షైన్-డాల్గార్నో వరుస ఏటీజీకి 5-9 అక్షరాల ముందు ఉండాలి. మధ్యలో ఏదైనా చేర్చి ఆ దూరం పెంచారేమో చూడండి.

టీ-7 ప్రమోటర్ (టీ-7 పాలిమరేజ్ చదువు మొదలుపెట్టే వరుస) ఉన్న పెట్ వెక్టర్ అయితే ఆతిథేయి బీఎల్21-డీఈ3 వంటిదై ఉండాలి. క్లోనింగ్‌కు వాడే డీహెచ్5-ఆల్ఫాలో టీ-7 పాలిమరేజ్ ఉండదు, అందులో జన్యువును పని మొదలుపెట్టించే ఐపీటీజీ ఎంత పోసినా ఏమీ రాదు. ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు.

కణాలను 37 డిగ్రీల దగ్గర 600 నానోమీటర్ల ఓడీ (కణాల సాంద్రతను చూపే కొలత) 0.6-0.8 దాకా పెంచి, 0.5 మిల్లీమోలార్ ఐపీటీజీ వేసి, 3-4 గంటలు ఉంచండి. వేయడానికి ముందు ఒక మిల్లీలీటరు, తర్వాత ఒక మిల్లీలీటరు తీసుకోండి. జెల్ మీద వేసేటప్పుడు ఓడీని బట్టి కణాల సంఖ్య సమానం చేయండి, లేకపోతే పోలిక అర్థం కాదు. మీ ప్రొటీన్ ఎక్కడ రావాలో ముందే లెక్కేసుకోండి: అమైనో ఆమ్లానికి 110 డాల్టన్ల చొప్పున 300 అమైనో ఆమ్లాలకు సుమారు 33 కిలోడాల్టన్లు.

తర్వాత కణాలను పగలగొట్టి, తేటనీ అడుగునీ విడివిడిగా జెల్ మీద నడపండి. చాలామంది తేటలో లేదని ప్రొటీనే తయారుకాలేదనుకుంటారు. అడుగున ముద్దలా పడి ఉంటే, అది తయారవుతోంది కానీ సరిగా ముడుచుకోవడం లేదన్నమాట. ఉష్ణోగ్రతను 16-18 డిగ్రీలకు, ఐపీటీజీని 0.1 మిల్లీమోలార్‌కు తగ్గించి రాత్రంతా ఉంచి చూడండి. తయారీ నెమ్మదిస్తే ముడుచుకోవడానికి సమయం దొరుకుతుంది. డైసల్ఫైడ్ బంధాలు కావలసిన ప్రొటీన్‌కు ఇదొక్కటే చాలకపోవచ్చు. ఈ.కోలై కణద్రవ్యంలో అవి ఏర్పడే పరిస్థితి ఉండదు కాబట్టి పెరిప్లాజమ్‌కు (బ్యాక్టీరియా రెండు పొరల మధ్య చోటుకు) పంపించే నిర్మాణం గానీ, షఫుల్ వంటి ఈ.కోలై రకం గానీ వాడాలి.

తేటలోనూ అడుగునా కూడా లేకపోతే అప్పుడు కోడాన్లను అనుమానించండి. ఏజీఏ, ఏజీజీ, ఏయూఏ, సీయూఏ కోడాన్లు మన జన్యువుల్లో మామూలే, ఈ.కోలైలో మాత్రం వాటిని చదివే టీ-ఆర్ఎన్ఏలు అరుదు. రెండు మూడు ఏజీజీలు పక్కపక్కన ఉంటే రైబోజోమ్ అక్కడే నిలబడిపోవచ్చు. ఆ టీ-ఆర్ఎన్ఏలను అదనంగా సమకూర్చే రోసెట్టా రకంలో ఒకసారి వేసి చూడండి, అక్కడ వస్తే కారణం దొరికినట్టే. అక్కడా రాకపోతే ఐపీటీజీ వేసిన అరగంటకు, గంటకు, రెండు గంటలకు నమూనాలు తీసి యాంటీ-హిస్ ప్రతిరక్షకంతో వెస్టర్న్ బ్లాట్ చేయండి. ముందు కనిపించి తర్వాత మాయమైతే ప్రొటీయేజ్‌లు నరికేస్తున్నాయని అర్థం. మొదటి నుంచీ ఏమీ లేకపోతే మళ్లీ ఆ అతుకు దగ్గరికే వెళ్లి, ఏటీజీ నుంచి మూడేసి అక్షరాలు చేత్తో విడదీసి రాసుకోండి.